కష్టమంతా హారంలోనే: ప్రాబబిలిస్టిక్ మోడల్స్‌ని పీజీ స్థాయిలో ఎలా చదవాలి

బీటెక్‌లో మెషీన్ లెర్నింగ్ అంటే ఫిట్, ప్రెడిక్ట్ అని రెండు లైన్లు రాసి, యాక్యురసీ ఎంతొచ్చిందో చూసుకోవడం. ఎంటెక్‌లోనో ఎంఎస్‌లోనో చేరాక మొదటి అసైన్‌మెంట్ చేతికొస్తుంది: "ఈ మోడల్‌కి ఈఎం అప్‌డేట్లు డిరైవ్ చేయండి." ఈఎం (ఎక్స్‌పెక్టేషన్-మ్యాగ్జిమైజేషన్) అంటే దాగిన వేరియబుల్స్ ఉన్న మోడల్‌లో పారామీటర్లను రౌండ్లవారీగా అంచనా వేసే పద్ధతి. చాలామంది బండి అక్కడే ఆగుతుంది. లెక్కలు రాకపోవడమే కారణం అనుకుంటారు గానీ, నా ఉద్దేశంలో సంగతి వేరు. ఈ సబ్జెక్టులో పాతిక ముప్పై పద్ధతులు ఎదురవుతాయి. అవన్నీ ఒకే ఇబ్బంది చుట్టూ పుట్టాయని ఎవరూ మొదటిరోజే చెప్పరు. దాంతో ఒక్కోదాన్ని విడివిడిగా బట్టీ పడతారు.

ఆ ఇబ్బంది బేయీస్ సూత్రంలోని హారం. డేటా చూడకముందున్న నమ్మకాన్ని (ప్రయర్), ఆ డేటా వచ్చే అవకాశాన్ని (లైక్లీహుడ్) కలిపి, డేటా చూశాక ఉండాల్సిన నమ్మకాన్ని (పోస్టీరియర్) ఇచ్చేదే ఆ సూత్రం. లవంలో ప్రయర్‌ని లైక్లీహుడ్‌తో గుణించడమే కాబట్టి పేచీ లేదు. హారంలో మాత్రం, మనకు కనబడని వేరియబుల్స్ ఎన్ని రకాలుగా ఉండగలవో అన్నిటి మీదా కూడాలి, లేదా ఇంటిగ్రేట్ చేయాలి. దాగి ఉన్న వేరియబుల్స్ 100, ఒక్కోటి 0 లేదా 1 అనుకున్నా 2ను వందసార్లు గుణించినన్ని పదాలు, అంటే 1 పక్కన 30 సున్నాలు పెట్టినదానికంటే ఎక్కువ. ఏ కంప్యూటరూ అన్ని కూడలేదు.

కాబట్టి ఏ అల్గారిథమ్ చదువుతున్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది హారాన్ని ఏం చేస్తోంది? కొన్ని దాన్ని కచ్చితంగా లెక్కగడతాయి. కొన్ని దానికి కిందినుంచి ఒక హద్దు కట్టి, ఆ హద్దును పైకి నెడుతూ పోతాయి. మిగిలినవి అసలు దాని అవసరమే రాకుండా చూసుకుంటాయి. సిలబస్‌లో ఉన్నదంతా దాదాపు ఈ మూడు గదుల్లో సర్దుకుంటుంది. నోట్స్ కూడా అలాగే రాసుకోండి.

ముందు పునాది తడిమి చూసుకోండి

ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లకు 2ఏ లో ప్రాబబిలిటీ, రాండమ్ వేరియబుల్స్, 2బీ లో ఇంటిగ్రేషన్ గుర్తుండే ఉంటాయి. ఆ సరుకు ఇక్కడ బాగానే పనికొస్తుంది. గేట్‌లో 2024 నుంచి వచ్చిన డేటా సైన్స్, ఏఐ పేపర్‌కి ప్రిపేరైనవాళ్లకు నిర్వచనాలు తాజాగా ఉంటాయి. అయితే ఆప్షన్లలోంచి జవాబు ఏరుకునే అలవాటు ఒకటి, తెల్లకాగితం మీద మొదటి లైను నుంచి చివరి లైను దాకా డిరైవ్ చేసే అలవాటు ఇంకొకటి. రెండోది విడిగా చేసుకోవాలి.

సెమిస్టర్ మొదలయ్యే లోపు ఈ మూడు ఏ పుస్తకమూ చూడకుండా చేయండి.

1. 0 నుంచి 1 వరకు యూనిఫామ్‌గా ఉన్న రాండమ్ వేరియబుల్‌కి లాగ్ తీసి, మైనస్ గుర్తు పెడితే వచ్చేదాని డెన్సిటీ ఏమిటి?
2. రెండు భాగాలుగా విడదీసిన గౌసియన్ వెక్టర్‌లో ఒక భాగం తెలిసినప్పుడు రెండోదాని మీన్, కోవేరియన్స్ ఏమిటి?
3. లీనియర్ రిగ్రెషన్ వెయిట్స్‌కి గౌసియన్ ప్రయర్ పెట్టి, పోస్టీరియర్ శిఖరం ఎక్కడుందో వెతికితే రిడ్జ్ రిగ్రెషన్ ఎందుకొస్తుంది? అందులోని లాంబ్డా దేనికి సమానం?

మొదటిదానికి ఎక్స్‌పొనెన్షియల్ రావాలి. మూడోదానికి నాయిస్ వేరియన్స్‌ని ప్రయర్ వేరియన్స్‌తో భాగించినది రావాలి. రెండోదే అసలు పరీక్ష. బ్లాక్ మ్యాట్రిక్స్ ఇన్వర్స్ చేయడం రాకపోతే గౌసియన్ ప్రాసెస్, కాల్మన్ ఫిల్టర్, ఫ్యాక్టర్ అనాలిసిస్ మూడూ అర్థం కావు, ఎందుకంటే ఆ మూడింటి గుండెకాయా ఇదే లెక్క. ఇది తడబడితే మూడు నాలుగు వారాలు లీనియర్ ఆల్జీబ్రాకి ఇచ్చేయండి: పాజిటివ్ డెఫినిట్ మ్యాట్రిక్స్, ఐగెన్ విలువలు, షొలెస్కీ, షూర్ కాంప్లిమెంట్. మెజర్ థియరీ మాత్రం ఇప్పుడు వద్దు. దానితో మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా దానితోనే ఆగిపోతారు.

పుస్తకం ఒకటి చాలు

క్రిస్టఫర్ బిషప్ పుస్తకం 2006లో వచ్చింది, పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. కెవిన్ మర్ఫీ రెండు సంపుటాలు 2022, 2023ల్లో వచ్చాయి, వాటి డ్రాఫ్టులూ ఉచితమే. మొదటిసారి చదివేవాళ్లకు నేను బిషప్‌నే చెబుతాను. వయసైపోయిన పుస్తకమే, డీప్ లెర్నింగ్ పెద్దగా ఉండదు, కానీ ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి చేయి పట్టుకుని నడిపిస్తుంది. మర్ఫీని నిఘంటువులా పక్కన పెట్టుకోండి. గ్రాఫికల్ మోడల్స్ మీద కోలర్, ఫ్రైడ్‌మన్ రాసిన 2009 నాటి గ్రంథం వెయ్యి పేజీలు దాటుతుంది. ఫలానా థీరమ్ రుజువు కావాలన్నప్పుడు తెరవండి, మొదటి పేజీ నుంచి మాత్రం మొదలుపెట్టకండి.

పుస్తకం మారితే గుర్తులు మారతాయి. గౌసియన్‌కి రెండో పారామీటర్‌గా ఒకరు వేరియన్స్ రాస్తారు, ఇంకొకరు స్టాండర్డ్ డీవియేషన్, మరొకరు ప్రెసిషన్. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే: నంపైకి, స్టాన్‌కి స్టాండర్డ్ డీవియేషన్ ఇవ్వాలి, బగ్స్‌కి ప్రెసిషన్ ఇవ్వాలి. గామా డిస్ట్రిబ్యూషన్‌కి నంపై స్కేల్ అడుగుతుంది, పైటార్చ్ రేట్ అడుగుతుంది. ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పొస్తుంది. నోట్‌బుక్ మొదటి పేజీలో మీ గుర్తులు రాసుకుని, ఏది చదివినా వాటిలోకి మార్చుకుని రాయండి.

డేటా ఎలా పుట్టిందో రాయండి, అల్గారిథమ్ తర్వాత

ఎదురుగా ఏ మోడల్ ఉన్నా ముందు డేటా పుట్టుకను మామూలు తెలుగులో రాయండి. ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లాగుదాం.

నారు ట్రేలో 10 గింజలు వేస్తే 7 మొలిచాయి. మొలకశాతం ఎంత? మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్ 0.7 అంటుంది. బీటా (2, 2) ప్రయర్ పెడితే పోస్టీరియర్ బీటా (9, 5), దాని మీన్ 9/14, అంటే సుమారు 0.64. ఇక్కడ హారం దానంతటదే తేలిపోయింది. కాంజుగేట్ ప్రయర్ అంటే అంతే. పుస్తకాలు దీన్ని పెద్ద గుణంగా చెబుతాయి గానీ అది గణితం చేసిన మేలు మాత్రమే, మీ ప్రయర్ సరైనదనడానికి రుజువు కాదు.

ఇప్పుడు కొంచెం కష్టం చేద్దాం. ట్రేలు 20. ఒక్కో ట్రేలో గింజలు కొత్త లాట్‌వో పాత లాట్‌వో, ఏదో ఒకటే. ఏ ట్రే ఏ లాటో ఎవరూ రాసిపెట్టలేదు. రెండు లాట్ల మొలకశాతాలూ తెలియవు. కథ ఇలా రాయాలి: ప్రతి ట్రేకీ ముందు లాట్ ఎంపికైంది, ఆ లాట్ మొలకశాతాన్ని బట్టి 10 గింజల్లో కొన్ని మొలిచాయి, మనం మొలిచినవాటిని మాత్రం లెక్కపెట్టాం. మూడు ముక్కల కథ. మొలకశాతాలకు బీటా ప్రయర్ పెట్టి పూర్తి బేయీసియన్‌గా వెళ్తే, హారంలో లేబుల్స్ వేసే తీర్లన్నీ కూడాలి: 2ను 20 సార్లు, అంటే 10,48,576 పదాలు. ఇరవై ట్రేలకే ఇంత. ఇది కంప్యూటర్ ఇంకా మోయగలదు. వంద ట్రేలైతే పైన చెప్పిన సంఖ్యే.

కథ రాశాక బొమ్మ గీయండి: దాగినవి ఖాళీ వృత్తాలు, కనబడేవి నింపిన వృత్తాలు, పదేపదే వచ్చేదాని చుట్టూ ఒక పెట్టె. దేని మీద ఏది ఆధారపడుతుందో బాణాలు చూపిస్తాయి. ఆ బాణాల మీద డీ-సెపరేషన్ నియమాలు, అంటే ఏ వేరియబుల్స్ మధ్య సంబంధం లేదో తేల్చే మూడు నియమాలు చదువుతారు. మూడింటిలో రెండు తేలిగ్గానే ఎక్కుతాయి, మూడోది తికమక పెడుతుంది: రెండు బాణాలు ఒకదానిలోకి వచ్చి కలిసే చోటు. బోరు మోటారు ఆడటం లేదు. కరెంటు లేకపోవచ్చు, మోటారు కాలిపోయి ఉండొచ్చు. ఈ రెండిటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. కానీ మోటారు ఆడటం లేదని చూశాక, కరెంటు పోయిందని తెలిసిన మరుక్షణం మోటారు కాలిందన్న అనుమానం తగ్గిపోతుంది. ఫలితాన్ని చూడటం వల్లే రెండు కారణాలూ ముడిపడ్డాయి. జుడియా పెర్ల్ 1988 పుస్తకంతో ఈ చూపు విస్తృతంగా వ్యాపించింది. పోస్టీరియర్‌లో వేరియబుల్స్ ఎందుకు చిక్కుపడతాయో ఇదే చెబుతుంది, హారం కష్టం కావడానికీ ఇదే మూలం.

కచ్చితంగా కూడగలిగేవి ఎందుకు కూడగలుగుతున్నామో చూడండి

హిడెన్ మార్కోవ్ మోడల్‌లో, అంటే దాగిన స్టేట్ అడుగడుగునా మారుతూ పోయే గొలుసులో, 5 స్టేట్స్, 20 అడుగులు అనుకోండి. దారులన్నీ కూడాలంటే 5ను 20 సార్లు, సుమారు 95 లక్షల కోట్లు. ఫార్వర్డ్ అల్గారిథమ్ అదే మొత్తాన్ని 500 గుణకారాల ఆసరాతో తెచ్చేస్తుంది. అందులో మాయ లేదు. డిస్ట్రిబ్యూటివ్ నియమం, అంటే ఉమ్మడి పదాన్ని బ్రాకెట్ బయటికి తీయడం. దీన్ని మూడు అడుగుల గొలుసు మీద చేత్తో ఒకసారి చేయండి. 1967 నాటి విటర్బీ, 1960 నాటి కాల్మన్ ఫిల్టర్ దీని తమ్ముళ్లే: ఒకదాంట్లో కూడిక బదులు మ్యాక్స్, ఇంకోదాంట్లో కూడిక బదులు గౌసియన్ ఇంటిగ్రల్.

ఒక్క సమీకరణం మీద వారం ఉండండి

కోర్సులో ఒకే ఒక్క సమీకరణానికి తీరిగ్గా సమయం ఇవ్వాలంటే ఇదే ఎంచుకోండి:

డేటా లాగ్ ప్రాబబిలిటీ = ఎల్బో + కేఎల్ (క్యూ నుంచి పోస్టీరియర్‌కి)

ఎడమవైపున్నది హారానికి లాగ్. క్యూ అంటే దాగిన వేరియబుల్స్ మీద మనకిష్టమొచ్చిన డిస్ట్రిబ్యూషన్. ఎల్బో అంటే ఎవిడెన్స్ లోయర్ బౌండ్, కేఎల్ అంటే రెండు డిస్ట్రిబ్యూషన్ల మధ్య తేడాకి ఒక కొలత. కేఎల్ ఎప్పుడూ సున్నా కంటే తగ్గదు, కాబట్టి ఎల్బో ఎప్పుడూ హారం లాగ్‌కి కింది హద్దే. దీన్ని కనీసం రెండు దారుల్లో రాబట్టండి: ఒకటి జెన్సన్ అసమానతతో, ఇంకొకటి పోస్టీరియర్ నిర్వచనాన్ని తిరగేసి. రెండో దారిలో తేడా ఎంత మిగులుతుందో కూడా తెలుస్తుంది, అందుకే నాకు అదే ఇష్టం.

ఇది చేతికి వచ్చాక మిగిలినవి వరసగా పడతాయి. క్యూని సరిగ్గా పోస్టీరియర్‌గానే పెట్టగలిగితే కేఎల్ సున్నా అవుతుంది, అది డెంప్‌స్టర్, లైర్డ్, రూబిన్ 1977లో చెప్పిన ఈఎం. అలా పెట్టలేక క్యూని విడివిడి ముక్కల లబ్ధంగా కట్టడి చేస్తే మీన్ ఫీల్డ్. క్యూని న్యూరల్ నెట్‌వర్క్‌తో రాబడితే 2013లో కింగ్మా, వెల్లింగ్ ఇచ్చిన వీఏఈ (వేరియేషనల్ ఆటోఎన్‌కోడర్). లేటెంట్ పొరలు వందలకొద్దీ పేర్చి, క్యూని నేర్చుకోకుండా నాయిస్ కలపడంగా ఖాయం చేసేస్తే డిఫ్యూజన్ మోడల్.

ట్రేల దగ్గరికి వద్దాం. ఇప్పుడు పారామీటర్లకు ప్రయర్ లేకుండా ఈఎం నడుపుతున్నాం. ప్రస్తుత అంచనాలు కొత్త లాట్‌కి 0.8, పాతదానికి 0.4, రెండూ సమానంగా వస్తాయనుకోండి. 7 మొలిచిన ట్రే కొత్త లాట్‌దయ్యే ప్రాబబిలిటీ ఎంత? 0.8ని 7 సార్లు, 0.2ని 3 సార్లు గుణిస్తే 0.00168. అదే లెక్క 0.4, 0.6లతో 0.00035. మొత్తంలో మొదటిదాని వాటా సుమారు 0.83. ఇది ఈ-స్టెప్. ఎం-స్టెప్‌లో ఆ ట్రే కొత్త లాట్ ఖాతాలో 8.3 గింజలు, అందులో 5.8 మొలకలు జమ చేస్తుంది, మిగతాది పాత ఖాతాకి. అన్ని ట్రేలూ జమ చేశాక భాగించి కొత్త అంచనాలు తీసుకోవాలి. ముందు నాలుగు ట్రేలు ఊహించుకుని రెండు రౌండ్లు క్యాలిక్యులేటర్‌తో చేయండి, కోడ్ ఆ తర్వాతే.

కోడ్ రాసేటప్పుడు

మొదటి డేటాసెట్ మీరే తయారు చేసుకోండి. 0.8, 0.4 అని మీరే పెట్టి, 200 ట్రేలు సిమ్యులేట్ చేసి, మీ ఈఎం ఆ అంకెల దగ్గరికి చేరుతోందా చూడండి. సొంతంగా పుట్టించిన డేటాలోనే పారామీటర్లు తిరిగి రాకపోతే, నిజమైన డేటాలో వచ్చిన జవాబును ఎవరూ నమ్మక్కర్లేదు. ఈ పద్ధతి తెలిసి కూడా ఎక్కువమంది దాటేస్తారు.

ఈఎంలో లాగ్ లైక్లీహుడ్ ఏ రౌండులోనూ తగ్గకూడదు. తగ్గిందంటే కోడ్‌లో బగ్ ఉన్నట్టే, చర్చ అక్కర్లేదు. ఇంత ఖరాఖండీ పరీక్ష ఈ సబ్జెక్టులో అరుదు కాబట్టి ప్రతి రౌండుకీ అసర్ట్ పెట్టండి. రెండు మొలకశాతాలనూ ఒకే అంకెతో మొదలుపెడితే అవి జన్మలో విడిపోవు, ఎందుకంటే రెండు లాట్లకూ తేడా తెలిసే దారే ఉండదు. కొద్దిగా వేర్వేరు అంకెలతో, పలుమార్లు మొదలుపెట్టండి. ఒకసారి 0.8 మొదటి లాట్‌గా, ఇంకోసారి రెండో లాట్‌గా వస్తే కంగారుపడకండి, పేర్లు తారుమారయ్యాయంతే. గౌసియన్ మిక్స్చర్‌కి వెళ్లాక ఇంకో వింత కనిపిస్తుంది: ఒక కాంపొనెంట్ ఒకే పాయింట్ మీద కూర్చుని, వేరియన్స్ సున్నాకి జారి, లైక్లీహుడ్ అనంతానికి పోతుంది. వేరియన్స్‌కి ప్రయర్ పెట్టడమో కనీస హద్దు పెట్టడమో చేయాలి.

ప్రాబబిలిటీలను నేరుగా గుణించకండి. ఒక్కో ట్రేకి 0.002 చొప్పున 200 ట్రేలు గుణిస్తే 10కి మైనస్ 540 దాకా పోతుంది, డబుల్ ప్రెసిషన్‌లో అది ఉత్త సున్నా. అన్నీ లాగ్‌లో ఉంచి, కూడాల్సినచోట పెద్దదాన్ని బయటికి తీసి కూడే లాగ్-సమ్-ఎక్స్‌ప్ వాడండి. మ్యాట్రిక్స్ ఇన్వర్స్ అని ఫార్ములాలో ఉన్నా కోడ్‌లో షొలెస్కీతో సాల్వ్ చేయండి.

శాంపిలింగ్‌కి వచ్చినప్పుడు

ఇది మూడో గది: హారం లెక్కగట్టకుండానే పోస్టీరియర్ నుంచి నమూనాలు తీయడం. 1953 నాటి మెట్రోపొలిస్ పద్ధతిలో రెండు చోట్ల పోస్టీరియర్‌ని నిష్పత్తిగా తీస్తాం. రెండిటికీ హారం ఒకటే కాబట్టి కొట్టివేసుకుపోతుంది. సమస్య తీరింది, బదులుగా ఇంకోటి వచ్చింది: ఒకదాని తర్వాత ఒకటిగా తీసే నమూనాల వరస, అంటే చైన్, ఎప్పుడు స్థిరపడిందో ఎవరూ చెప్పరు. నాలుగు చైన్లు దూరదూరంగా మొదలుపెట్టండి, ఆర్-హ్యాట్ (చైన్లన్నీ ఒకే చోటికి చేరాయా అని చెప్పే అంకె) 1.01 లోపు ఉందా, ఎఫెక్టివ్ శాంపిల్ సైజ్ ఎంత అని చూడండి. దానికంటే ముందు ట్రేలు 6కి తగ్గించండి. 64 లేబులింగ్‌లనూ చేత్తో కూడి కచ్చితమైన పోస్టీరియర్ తీయొచ్చు, మీ గిబ్స్ శాంప్లర్ (ఒక్కో వేరియబుల్‌నీ మిగతావాటిని బట్టి వంతులవారీగా లాగే పద్ధతి) దానితో సరిపోవాలి.

గిబ్స్‌లో ప్రతి రౌండుకీ ట్రే లేబుల్ 0 లేదా 1గా పడుతుంది. ఆ 0, 1లను సగటు తీయడం కంటే, లేబుల్ వేయడానికి ముందు లెక్కగట్టిన 0.83 లాంటి ప్రాబబిలిటీలనే సగటు తీస్తే అంచనా ఊగిసలాట తగ్గుతుంది. దీన్ని రావ్-బ్లాక్‌వెలైజేషన్ అంటారు. ఆ రావ్ మన సి.ఆర్. రావు: 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)కి వెళ్లారు. 1945లో ప్రచురించిన ఒకే వ్యాసంలో ఈ ఫలితమూ, క్రామర్-రావ్ హద్దూ రెండూ ఉన్నాయి. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. ఆ పనికే 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. గౌసియన్ ఎక్స్‌పొనెంట్‌లో కూర్చున్న దూరం పేరు కూడా ఐఎస్‌ఐ స్థాపకుడు మహలనోబిస్‌దే.

వేరియేషనల్ పద్ధతి (ఎల్బోని పైకి నెట్టేది) వాడాలా, శాంపిలింగ్ వాడాలా అని వైవాలో తప్పక అడుగుతారు. "ఒకటి వేగం, ఒకటి కచ్చితం" అని చెప్పి ఊరుకోకండి. ఒక లెక్క చూపించండి: రెండు వేరియబుల్స్, ఒక్కోదాని వేరియన్స్ 1, కోరిలేషన్ 0.9 ఉన్న గౌసియన్‌ని మీన్ ఫీల్డ్‌తో అంచనా వేస్తే ఒక్కో వేరియన్స్ 1 − 0.81 = 0.19కి కుంచించుకుపోతుంది. మీన్లు సరిగ్గానే వస్తాయి. అనిశ్చితిని మాత్రం ఐదో వంతుకి దించేస్తుంది. మందు మోతాదు నిర్ణయించే చోట ఇది ప్రమాదం, సిఫార్సుల యాప్‌లో ఫరవాలేదు.

పేపర్లు, ప్రాజెక్టు

పేపర్ చదివేటప్పుడు ఒకే పేజీలో మూడు పేరాలు రాయండి: మోడల్ ఏమిటి, హారాన్ని ఏం చేశారు, ఫలితం దేనితో కొలిచారు. చాలా పేపర్లలో మొదటి రెండూ ఒకే వాక్యంలో కలగాపులగంగా ఉంటాయి. వాటిని విడదీయడమే సగం చదువు. లేటెంట్ డిరిష్లే అలొకేషన్, అంటే ప్రతి డాక్యుమెంట్‌నీ కొన్ని టాపిక్‌ల మిశ్రమంగా చూసేది, ఒక మోడల్, వేరియేషనల్ ఈఎం దానికి వాడిన ఒక ఇన్ఫరెన్స్ పద్ధతి. అదే మోడల్‌ని గిబ్స్‌తోనూ నడపొచ్చు. 2003లో బ్లై, ఎన్‌జీ, జోర్డన్ రాసిన ఆ పేపర్ మొదటి పేపర్‌గా బాగుంటుంది.

దాన్నే తెలుగు వికీపీడియా వ్యాసాల మీద నడిపి చూడండి. ఇంగ్లిష్‌కి రాని ఇబ్బందులు వరసగా వస్తాయి. ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి అనేవి మోడల్‌కి నాలుగు సంబంధం లేని మాటలు. పదజాలం ఉబ్బిపోతుంది, చాలా రూపాలు నాలుగైదుసార్లకు మించి కనబడవు, టాపిక్‌లు పలచబడతాయి. పైగా "స్టేషన్‌లో" లాంటి మాటల్లో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. యూనికోడ్ నార్మలైజేషన్ దాన్ని తీసేయదు, మీరే తీయాలి. ఆ తర్వాత ప్రత్యయాలు విడగొట్టి ఒకసారి, విడగొట్టకుండా ఒకసారి నడపండి.

అయితే ఆ రెండింటినీ పెర్‌ప్లెక్సిటీతో (మాటకి సగటున మోడల్ ఎంత తికమకపడుతోందో చెప్పే కొలతతో) పోల్చకూడదు. పదజాలాలు వేరైనప్పుడు మాటకి ఇంత అన్న లెక్క పొసగదు. పక్కన పెట్టిన డాక్యుమెంట్ మొత్తానికి లాగ్ ప్రాబబిలిటీ తీసి, అక్షరాల సంఖ్యతో భాగించి పోల్చండి. దానికోసం డాక్యుమెంట్‌లోని టాపిక్ వాటాలన్నిటి మీదా ఇంటిగ్రేట్ చేయాలి, అదీ మళ్లీ హారమే. కాబట్టి దాన్ని ఏ పద్ధతితో అంచనా కట్టారో రిపోర్టులో రాయండి. ఎల్బోని లాగ్ ప్రాబబిలిటీ అని టేబుల్‌లో వేసేయడం మామూలైపోయింది. కింది హద్దే ఇస్తున్నట్లయితే ఆ నిలువు వరస శీర్షికలోనే కింది హద్దు అని పెట్టండి.